ఆటకు నోచుకోని సాయంకాలము

కృష్ణాజిల్లాలో మొవ్వకు చేరువనున్న కూచిపూడి చిన్న గ్రామము. దాని పేరు మాత్రము నేడు దేశదేశముల రంగస్థలములపై వినబడుచున్నది. ఆ పేరు తెచ్చినవారు భాగవతులు. తరతరములుగా వారు ఊరూర ఆడి చూపిన కథలకు ఆటపట్టు భాగవతము. ఆ గ్రంథమున దశమస్కంధము తెరచి చూచినవారికి కనబడు బాలుడు ఇంటిపట్టున కూర్చుండువాడు కాడు. ప్రొద్దుపొడుపుతోనే చల్ది మూట కట్టుకొని, తోడి గొల్లపిల్లలతో ఆలమందల వెంట అడవికి పోవువాడు. ప్రలంబాసురుడు గోపబాలుని వేషమున వారిలో కలిసినదియు ఒక ఆటలోనే. ఓడినవారు గెలిచినవారిని వీపున మోయవలెనని ఆ ఆటకు కట్టుబాటు. రాక్షసునికి సైతము పిల్లల నడుమ చోటు దొరకుటకు ఆటయే దారి అయినది.

ఆ కథను ఆడి బ్రతికిన ఊరిలోను, దాని చుట్టునున్న డెల్టా గ్రామములలోను, నేటి సాయంకాలము అయిదుగంటల వేళ వీధిలో ఎందరు పిల్లలు పరుగెత్తుచున్నారని ప్రశ్నించుకొనినచో సమాధానము సంతోషకరముగా నుండదు. పిల్లలు లేకపోలేదు. కొందరు బడి బస్సులో నున్నారు, కొందరు ట్యూషనులో నున్నారు, మిగిలినవారు అరచేతి అద్దములోనికి చూచుచు అరుగుపై కూర్చున్నారు. ఆట మానుమని వారితో ఎవరును చెప్పలేదు. ఆడుకొను వేళ మాత్రము వారి దినచర్యలో నుండి జారిపోయినది.

ఈ లోపము కొలతకు అందనిది కాదు. 5 మొదలు 17 ఏండ్ల వయస్సు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములైనను గుండె వేగము హెచ్చునంతటి శారీరకశ్రమ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించినది. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశముల సమాచారమును పరిశీలించి 2019లో ఒక లెక్క ప్రకటించిరి. దాని ప్రకారము 2016 నాటికి 11 మొదలు 17 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 81 మందికి ఆ మాత్రపు కదలికయు లేదు. భారతదేశమున ఈ సంఖ్య ఇంచుమించు 74. ప్రపంచమున పలుదేశముల కంటె ఇది మెరుగే యనిపించును గాని, నలుగురిలో ముగ్గురికి చాలినంత ఆట లేదనుటయే దాని తాత్పర్యము. బాలుర కంటె బాలికల స్థితి మరికొంత హీనము.

ఆట వలన దేహమునకు కలుగు మేలు ఊరక దృఢత్వమని చెప్పి ఊరకొనదగినది కాదు. ఎముకలు గట్టిపడుటకు వాటిపై బరువు పడవలెను. గెంతుట, దుముకుట, పరుగెత్తి చటుక్కున ఆగుట ఎముకలకు ఆ బరువు నిచ్చును. మనుష్యుడు జీవితకాలమంతయు వాడుకొను ఎముకసత్తువలో అధికభాగము ఇరువది ఏండ్లలోపుననే కూడబెట్టబడును. ఆ వయస్సు దాటిన పిదప ఉన్నదానిని కాపాడుకొనుటయే గాని క్రొత్తగా చేర్చునది స్వల్పము. కంటి విషయమును అట్టిదే. చీనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని పాఠశాలల పిల్లలను దినమునకు అదనముగా 40 నిమిషములు ఆరుబయట నుంచి చూచిరి. 2015లో ప్రకటితమైన ఫలితము ఇది: మూడేండ్లలో క్రొత్తగా హ్రస్వదృష్టి కలిగినవారు ఆరుబయటికి పోయిన పిల్లలలో నూటికి 30 మంది, పోనివారిలో ఇంచుమించు 40 మంది. వెలుతురున నున్న కన్ను అవసరమునకు మించి సాగకుండుననియు, అందుకు కంటిపొరలో ఊరు ఒక రసాయనము తోడ్పడుననియు నేత్రవైద్యుల అభిప్రాయము. ఎండ పొడ తగులు ముంగిలి ఈ విధముగా వైద్యశాల పని కొంత తానే చేయుచున్నది.

ఇక డెల్టాపిల్లలు ఎరిగిన ఆటలను ఒక్కొక్కదానిని పరిశీలించిన, వ్యాయామశాస్త్రము కోరునదంతయు వాటిలో ముందే ఇమిడియున్నట్లు తోచును. చెడుగుడులో పిల్లవాడు కూత పెట్టుచు ఎదుటిపక్షపు బరిలోనికి పోవును. కూత తెగరాదు, ఊపిరి చాలునంతలో ఒకనిని తాకి, పట్టుబడక గీత చేరవలెను. ఊపిరితిత్తులకు, పిక్కలకు, తెలివికి ఒక్కసారే పరీక్ష. ఏడుపెంకులాటలో గురిచూచి బంతి విసరుట, మీదికి వచ్చు బంతిని తప్పించుకొనుట, వంగి పెంకులు పేర్చుట వెంటవెంట జరుగవలెను. బిళ్ళంగోడులో చివ్వున లేచిన బిళ్ళను నేలకు రాకమునుపే కొట్టవలెను గనుక చేతికిని చూపునకును పొత్తు కుదురవలెను. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలిపై గెంతుచు గీత తొక్కక గడులు దాటవలెను. కోతికొమ్మచ్చి ఆడినవానికి పిడికిటి పట్టును, భుజబలమును చెట్టుకొమ్మయే నేర్పును. ఒప్పులకుప్పలో ఇద్దరు ఆడపిల్లలు చేతులు పెనవేసికొని వెనుకకు వాలి గిరగిర తిరుగుదురు; ఒకరి తూకము తప్పిన ఇద్దరును పడుదురు. పగటి ఎండకు తాళలేని వేసవిలో పిల్లలు రాత్రి వెన్నెలకుప్పలు ఆడుకొనిరి. వీటిలో దేనికిని చేతినుండి పైస ఖర్చు లేదు. పగిలిన కుండపెంకు, విరిగిన కొమ్మ, గుడ్డపీలికల బంతి చాలును.

ఈ ఆటల వయస్సును తక్కువ అంచనా వేయరాదు. భారతము ఆదిపర్వమున ద్రోణుడు కురుకుమారులకు పరిచితుడైనది ఒక ఆట మూలముననే. సంస్కృతమూలమున నూతిలో పడిన వస్తువు పేరు 'వీట'. వ్యాఖ్యాతయైన నీలకంఠుడు దానిని మూరెడు కర్రతో కొట్టి ఎగురవేయు జానెడు కర్రముక్కగా వివరించెను. తెలుగు పల్లెలోని బిళ్ళంగోడు ఆ వివరణమునకు సరిగా సరిపోవును. నన్నయ దానిని కందుకముగా తెనిగించెను. ఆ పర్వముననే కౌరవులు చెట్టెక్కి పండ్లు కోయుచుండగా భీముడు మ్రాను నూపి వారిని పండ్లతోపాటు రాల్చిన కథయు కలదు. రాజకుమారులును పశువులకాపరులును ఒకే తీరు ఆటలాడిరని ఈ కావ్యములు చెప్పుచున్నవి.

ఇచ్చట కూచిపూడివంటి ఊరికి సహజముగా తోచు ఆక్షేపణ యొకటి కలదు. నాట్యము నేర్చు పిల్లలకు వేరుగా ఆట ఎందుకు? తెల్లవారుజామున లేపి సాధన చేయించుట ఆ ఊరి గురువుల సంప్రదాయము. అరమండిలో నిలిచి జతులు తొక్కు పిల్లవాని తొడలకు, నడుమునకు కలుగు పట్టు సామాన్యము కాదు. తలపై చెంబు నిలుపుకొని ఇత్తడి పళ్ళెరపు అంచుపై పాదములు కదల్చు తరంగము ఒకనాటి అభ్యాసముతో వచ్చునది కాదు. బందా కనకలింగేశ్వరరావుగారి పూనికతో నెలకొనిన సిద్ధేంద్ర కళాక్షేత్రమును, 1963లో వెంపటి చినసత్యంగారు మదరాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీయును ఈ కఠినశిక్షణకు విస్తృతి కల్పించినవి. దేహమును తీర్చిదిద్దు విద్యగా నాట్యమునకు సాటి అరుదు.

అయినను శిక్షణ వేరు, ఆట వేరు. శిక్షణలో అడుగు ఎచ్చట పడవలెనో గురువు ముందే నిర్ణయించును. తప్పును ఆయనయే దిద్దును. ఆటలో నిర్ణయము పిల్లలదే. ఎవరు ఏ పక్షమో వారే పంచుకొందురు. 'ఔటు' అయినది కానిది వారే తగవులాడి తేల్చుకొందురు. బలహీనుడైన చిన్నవానిని ఏదో యొక పక్షమున ఊరక చేర్చుకొని, వానికి శిక్ష లేకుండ ఆడనిచ్చు నియమమును కూడ వారే కల్పించుకొనిరి. పల్లెలలో అట్టివానిని 'ఆటలో అరటిపండు' అందురు. ఏ గురువు చెప్పగా వచ్చిన దయ అది? క్రికెట్ శిక్షణకు, ఈతకు, కరాటేకు రుసుము కట్టి పంపిన తల్లిదండ్రులు పిల్లవానికి ఆట సమకూర్చితిమని తృప్తిపడుచున్నారు. వారు సమకూర్చినది మరియొక తరగతి. దానివలన దేహమునకు మేలున్నది గాని, తోటివారితో తగవుపడి తిరిగి కలిసిపోవు నేర్పు దానివలన రాదు.

ఆట తరిగిపోవుటకు కారణమేమని అడిగిన, పెద్దలందరి వ్రేలును సెల్‌ఫోను వైపే చూపును. ఫోను దోషము లేనిది కాదు. కాని అది వచ్చునప్పటికే సాయంకాలము చాలవరకు ఖాళీ అయియున్నది. ఖాళీ అయిన ఇంటిలోనికి అది ప్రవేశించినది. అంతకు పూర్వమే మూడు మార్పులు వచ్చినవి.

మొదటిది కాలమునకు సంబంధించినది. 1980ల తరువాత విజయవాడ పరిసరములలో వసతితో కూడిన ప్రైవేటు విద్యాసంస్థలు విస్తరించి, వైద్య, ఇంజనీరింగు ప్రవేశపరీక్షలే చదువునకు గమ్యములైనవి. తెల్లవారుజాము మొదలు రాత్రి వరకు గంటలు పంచిన ఆ పట్టికలో ఆటకు గడి లేదు. క్రమముగా ఆ పద్ధతి క్రింది తరగతులకును దిగినది. పల్లెపిల్లలు బస్సులలో పట్టణపు బడులకు పోయి, దీపాలవేళకు ఇల్లు చేరుచున్నారు. పిల్లవానికి తీరిక లేకపోవుటయే తల్లిదండ్రుల శ్రద్ధకు గుర్తుగా భావింపబడుచున్నది.

రెండవది స్థలమునకు సంబంధించినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండి డెల్టా జీవితమును కాలువనీరు నడిపినది. పంట ఇంటికి చేరి, వేసవిలో కాలువలు కట్టివేసిన పిదప మాగాణులన్నియు పిల్లలకు ఆటస్థలములైనవి. ఊరిచివరి కళ్ళములు, గడ్డివాముల చాటు వారివే. కోతయంత్రములు వచ్చి కళ్ళముల అవసరము తగ్గించినవి. కొల్లేటి పరిసరములలో వరిచేలు చేపలచెరువులైనవి. వీధులకు సిమెంటు పడినది, సిమెంటుతోపాటు మోటారుబండ్ల వేగమును వచ్చినది. తొక్కుడుబిళ్ళ గడులు గీసిన చోటనే నేడు బండ్లు నిలుపుచున్నారు.

మూడవది తోడుకు సంబంధించినది; దీనిని గుర్తించినవారు తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటు సంతానము 1.7. ఇంటికి నలుగురయిదుగురు పిల్లలున్న కాలమున రెండు వాకిళ్ళు కలిసిన ఒక జట్టు తయారగుచుండెను. చెడుగుడుకు పక్షమునకు ఏడుగురు కావలెను. నేడు ఆ పదునలుగురిని కూర్చుటకు వీధులు నాలుగు తిరిగినను చాలదు. ఉన్న కొలది పిల్లలును ఒకే బడిలో లేరు. ఒకే వీధిపిల్లలు వేర్వేరు బస్సులెక్కి వేర్వేరు ఊళ్ళకు పోవుచు, ఒకరి పేరొకరు ఎరుగక పెరుగుచున్నారు. పెద్దపిల్లలు చిన్నవారికి ఆట నేర్పుట ఒక పరంపర. దానికి గ్రంథము లేదు, గురుకులము లేదు. ఒక్క తరము నేర్పక మానిన చాలును, అది తెగిపోవును. నాట్యమునకు కలిగిన పోషణ ఈ విద్యకు కలుగలేదు.

ఈ లోపల ఆటల కీర్తి మాత్రము పెరిగినది. చెడుగుడు కబడ్డీ పేరుతో 1990లో బీజింగ్ ఆసియాక్రీడలలో పోటీగా చేరినది. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్ అను జట్టు ఆడుచున్నది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పును భారత పురుషుల, స్త్రీల జట్లు రెండును గెలిచినవి. ఈ విజయములు గర్వకారణములే. కాని తెరముందు కూర్చుండి చప్పట్లు కొట్టువాని ఎముక గట్టిపడదు. 2023 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ప్రారంభించిన 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు ఊరూర జరిగినవి. అవియు 15 ఏండ్లు నిండినవారికి ఉద్దేశింపబడినవే. దేహము పెరుగు వయస్సు, ఆట అలవాటగు వయస్సు అంతకు ముందరిది. ఏడెనిమిదేండ్ల పిల్లవానికి పతకము అక్కరలేదు, పోటీయు అక్కరలేదు. తోటివారు పదిమంది, వారు ఆడుకొనుటకు చోటు ఉన్న చాలును.

గతమును కీర్తించునప్పుడు మరియొక సత్యమును మరుగుపరచరాదు. నాటి వీధి అందరిదియు కాదు. అగ్రహారపు పిల్లలతో మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు కలిసి ఆడుటకు వీలులేని ఊళ్ళు అనేకములు. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఆమె ఆట గడపలోపలికి ముడుచుకొనెను; ఒప్పులకుప్ప తిరిగిన పాదములు వామనగుంటల ముందు కూర్చుండిపోయినవి. కావున నేడు కావలసినది ఆనాటి వీధిని ఉన్నదున్నట్లు తిరిగి తెచ్చుట కాదు. ఆ ఆటలను కులభేదము, లింగభేదము లేని చోట నాటవలెను. ఇది అసాధ్యమనువారికి కూచిపూడి చరిత్రయే సమాధానము చెప్పును. ఆ మేళములలో ఒకప్పుడు స్త్రీకి ప్రవేశము లేదు. సత్యభామ వేషమునకు సైతము పురుషుడే. తన కాలముననే వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషముతో 1970లో పద్మశ్రీ నందుకొనునంత ప్రఖ్యాతి గాంచిరి. అట్టి విద్యను వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకును నేర్పిరి. ఆయన 1956లో కీర్తిశేషులైరి. తరువాతి కొలది దశాబ్దములలోనే కూచిపూడి నేర్చువారిలో అధికసంఖ్యాకులు బాలికలైరి. గజ్జె కట్టుటకు అడ్డుపడిన ఆచారము తొలగగలిగినచో, చెడుగుడు బరిలో దిగుటకు అడ్డుపడు ఆచారము మాత్రము తొలగకుండునా?

చట్టము ఈ విషయమున వెనుకబడలేదు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము ఆటను బాలల హక్కుగా పేర్కొనినది. భారతదేశము 1992లో దానిని అంగీకరించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెనని శాసించుచున్నది. అంతకు చాల పూర్వమే, 1920లో మదరాసులో హ్యారీ క్రో బక్ నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామకళాశాల దక్షిణదేశపు బడులకు డ్రిల్లుమాస్టర్లను తయారుచేయుట కారంభించినది. విజయనగరమున కోడి రామమూర్తినాయుడుగారు వ్యాయామవిద్యకు గౌరవము తెచ్చిరి. లోపము చట్టములో లేదు, సంప్రదాయములోను లేదు. ఆటస్థలమున్న బడియు నాలుగింటికో అయిదింటికో తాళము వేసికొనుచున్నది. సరిగా పిల్లలకు స్థలము కావలసిన వేళకే ఊరిలోని ఒకే ఒక చదునైన నేల మూతపడుచున్నది.

కావున మొదట అడుగదగినది చిన్నది: ఆ తాళము. సాయంకాలము ఒకటిన్నర గంట, ప్రొద్దు క్రుంకు వరకు, ఊరిబడి ఆటస్థలమును ఏ బడిలో చదువువారైనను ఆ ఊరి పిల్లలందరికిని తెరచియుంచవలెను. పంచాయతీయు, బడి తల్లిదండ్రుల కమిటీయు వంతులవారీగా పెద్దవారిని ఒకరిద్దరిని అచ్చట ఉంచిన చాలును. వారు ఆట నేర్పనక్కరలేదు, తీర్పు చెప్పనక్కరలేదు. దెబ్బ తగిలినప్పుడు చూచుటకు, ఎవరిని ఎవరును బెదరింపకుండ ఉండుటకు ఉండవలెను. కాలువలును వాహనములును ఉన్న డెల్టాలో తల్లుల భయము నిరాధారము కాదు. ప్రహరీగల స్థలము ఆ భయమును చాలవరకు తీర్చును. వేర్వేరు బస్సులెక్కు పిల్లలు అచ్చటనైనను ఒకరి నొకరు ఎరుగుదురు. బాలికలకు అందు సగము చోటు అడుగకయే దక్కవలెను. వేసవిలో ఉదయము ఎండ ముదురక ముందును, సాయంకాలము చల్లబడిన తరువాతను ఆ ద్వారము తెరచిన వడదెబ్బకు తావుండదు.

మార్కులు తగ్గునను జంకు తల్లిదండ్రులకు ఉండవచ్చును. పగలంతయు కూర్చుండి అలసిన బుద్ధిని మరల కూర్చుండబెట్టుట వలన చదువు రాదని బడిపంతుళ్ళందరికిని అనుభవమే. ఆడివచ్చిన పిల్లవానికి ఆకలి వేయును, నిద్ర పట్టును. మరునాటి పాఠము చెవికెక్కుటకు ఆ రెండును కావలెను.

కూచిపూడి భాగవతులు ఒక విద్యను వంశములలో, ఆపై సంస్థలలో నిలిపి లోకమునకిచ్చిరి. పిల్లల ఆటలకు వంశములు లేవు, సంస్థలు లేవు. ప్రతి సాయంకాలము పదిమంది పిల్లలు గుమిగూడుటయే వాటికి ఆధారము. తాళపుచెవి ఎవరి చేతనున్నదో ప్రతి గ్రామమునకును తెలియును. దానిని అడుగు పెద్దలు ఈ వేసవి సెలవులలోపుననే ముందుకు వచ్చిరేని, బడులు తెరచునాటికి ఏడుపెంకులు పేర్చుటకు నేల సిద్ధముగా నుండును.